మనిషిని నమ్ముదాం, ఫైలును పరీక్షిద్దాం

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఇంటి కంప్యూటర్ భద్రత గురించి చేసిన ప్రసంగ పాఠం)

నేను షోలాపూర్ వాణ్ని. పూర్వభాగ్‌లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుకుంటున్నాను. పెద్ద పెద్ద మాటలు చెప్పేంత చదువు నాకు లేదు. మన ఇళ్లలో ఉండే కంప్యూటర్లను విప్పి చూసే పని మాత్రం రోజూ చేస్తాను. అందుకే కార్యవర్గం వారు పిలిచి, "వైరస్‌ల గురించి, హ్యాకర్ల గురించి మనవాళ్లకు అర్థమయ్యేట్టు ఓ అరగంట చెప్పు" అన్నారు. అరగంటలోనే ముగిస్తాను, భోజనాల వేళ దాటనివ్వను.

నూలు ధర గురించి, మగ్గాల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకునే సభలో ఈ వైరస్ గోల ఏమిటని ఎవరైనా అనుకుంటే తప్పు లేదు. కానీ కంప్యూటర్ మనకు పరాయి వస్తువు కాదు. 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్ పట్నంలో జోసెఫ్ మారీ జకార్డ్ అనే ఆయన, రంధ్రాలు కొట్టిన అట్టలతో పూలూ లతలూ నేసే యంత్రం తయారుచేశాడు. ఏ పేకకు ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో ఆ అట్ట చెబుతుంది. రంధ్రం ఉంటే లేస్తుంది, లేకపోతే లేవదు. తర్వాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రాన్ని ఊహించినప్పుడు ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హాలెరిత్ వాడినవి కూడా రంధ్రాల కార్డులే. ఉంది, లేదు అనే ఆ రెండు మాటల మీదే ఇవాళ్టి కంప్యూటర్ కూడా నడుస్తున్నది. వరస కలిపి చూస్తే మన మగ్గం దానికి పెద్దమ్మ అవుతుంది.

ఇంట్లో కంప్యూటర్ అంటే ఏమేం ఉన్నట్టు?

ఒకసారి లెక్క వేసుకుందాం. చద్దర్ల డిజైన్లు, తువ్వాళ్ల డిజైన్లు, పట్టుచీర అంచుల డిజైన్లు అందులోనే. జీఎస్‌టీ బిల్లులు, టాలీ లెక్కలు అందులోనే. నూలు ఎవరి దగ్గర ఎంత తెచ్చాం, సరుకు ఎవరికి ఎంత పంపాం, ఎవరి బాకీ ఎంత, అన్నీ అందులోనే. బ్యాంకు పని అందులోనే. పిల్లల మార్కుల జాబితాలు, ఆధార్, పాన్ కాపీలు, అమ్మాయి పెళ్లి సంబంధాల కోసం తయారుచేసిన బయోడేటా, ఫోటోలు, తాతగారి పాత ఫోటోల స్కాన్‌లు కూడా అక్కడే ఉంటాయి.

పూర్వం ఇవన్నీ ఒక చందనపు పెట్టెలోనో, చెక్క బీరువాలోనో ఉండేవి. దాని తాళంచెవి నానమ్మ కొంగుకు ఉండేది. ఇవాళ ఆ పెట్టె బల్ల మీదికి వచ్చింది. ప్రపంచం మొత్తానికి ఒక తీగ కలిపి, తాళం వేయకుండా పెట్టుకున్నాం. బయటివాడు మన ఇంటిదాకా నడిచి రానక్కర్లేదు.

వైరస్ అనేది మాయా మంత్రం ఏమీ కాదు. ఎవరో ఒకరు కావాలని రాసిన ప్రోగ్రామ్. మనకు తెలియకుండా మన యంత్రంలో నడుస్తుంది, తనను తాను నకలు చేసుకుంటూ ఇంకో యంత్రానికి పోతుంది. ఇందులో రకాలున్నాయి. మంచి వస్తువులాగా కనపడుతూ లోపలికి వచ్చేది ఒకటి. దాన్ని ట్రోజన్ అంటారు. మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగచాటుగా రాసుకుని పాస్‌వర్డ్‌లు బయటికి పంపేది ఇంకొకటి. అన్నిటికంటే చెడ్డది రాన్సమ్‌వేర్. అది మన ఫైళ్లన్నిటికీ తాళం వేసి, "డబ్బు కట్టు, తాళంచెవి ఇస్తా" అంటుంది.

1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఫ్లాపీల ద్వారా ఊరూరు తిరిగింది. మన పెద్దవాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది, 2000 మే నెలలో 'ఐ లవ్ యూ' అనే ఈమెయిల్ వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో పుట్టి, కొన్ని గంటల్లోనే దేశాలన్నీ చుట్టేసింది. చూడ్డానికి ప్రేమలేఖ. తెరవగానే ఆ కంప్యూటర్‌లోని చిరునామా పుస్తకంలో ఎవరెవరున్నారో అందరికీ తనంతట తానే వెళ్లిపోయింది. అంటే మీకు ఆ ఉత్తరం ముక్కూమొహం తెలియనివాడి దగ్గర నుంచి రాదు. మీ స్నేహితుడి పేరుతోనే, మీ మేనేజరు పేరుతోనే, మీ బావమరిది పేరుతోనే వస్తుంది. అందుకే అంతమంది తెరిచారు.

ఈ విషయం పట్టుకోండి. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే ఉంది.

"మనోడే పంపాడు"

మనం ఈ ఊళ్లకు ఎట్లా వచ్చామో మీకందరికీ తెలుసు. ఒకరు ముందు వచ్చారు, తర్వాత తమ్ముణ్ని పిలిపించుకున్నారు, ఆ తమ్ముడు తన బామ్మర్దిని తెచ్చుకున్నాడు. చీటీ రాయకుండా నూలు ఇచ్చారు. మాట మీద మగ్గం కట్టించారు. మరాఠీ ఊళ్లోనో, అరవ ఊళ్లోనో, ఒరియా ఊళ్లోనో ఎవరైనా తెలుగులో "అన్నా" అని పిలిస్తే చాలు, చేతిలో పని ఆపి మంచినీళ్లిచ్చాం. ఆ నమ్మకమే మనల్ని నిలబెట్టింది. దాన్ని వదులుకోమని నేను చెప్పను.

కానీ కంప్యూటర్‌కు మనోడెవరో పరాయివాడెవరో తెలియదు. మన బావ ఈమెయిల్ ఖాతా ఎవడి చేతిలోనో పడితే, వాడు రాసిన ఉత్తరం కూడా బావ పేరుతోనే వస్తుంది. మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకరి ఖాతా పోతే, "అన్నా, ఈ ఫైలు ఒకసారి చూడు" అని ఆయన పేరుతోనే, ఆయన ఫోటోతోనే వస్తుంది. 'ఎమోటెట్' అనే పేరున్న ఒక వైరస్ ఇంకో అడుగు ముందుకేసింది. పట్టుబడిన కంప్యూటర్‌లో పాత ఉత్తరాలను తీసి, వాటికి జవాబు రాసినట్టుగా తన ఫైలును జోడించి పంపేది. పోయిన నెల మీరు నిజంగా అడిగిన రేటుకు, నిజంగా రావాల్సిన జవాబులాగే కనిపిస్తుంది. అనేక దేశాల పోలీసులు కలిసి 2021 జనవరిలో దాన్ని పడగొడితే, అదే ఏడు నవంబరులో మళ్లీ లేచింది.

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాను, పేర్లు వద్దు. తువ్వాళ్లు నేయించి వేరే రాష్ట్రానికి పంపుతారు. కొనే సేటుకూ వీళ్లకూ పద్దెనిమిదేళ్ల వ్యవహారం. వీళ్ల ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎట్లానో బయటికి పోయింది. లోపలికి వచ్చినవాడు ఏమీ పాడుచేయలేదు, కొన్ని వారాలు చూస్తూ కూర్చున్నాడు. పెద్ద బిల్లు వెళ్లిన రోజు, దాని వెనకే ఇంకో ఉత్తరం పంపాడు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాలో వేయండి" అని రాశాడు. అదే లెటర్‌హెడ్, అదే సంతకం. సేటు వేశాడు. నెల గడిచాక "డబ్బు రాలేదేమి" అని వీళ్లు అడిగితే, "ఎప్పుడో వేశాను కదా" అని ఆయన అన్నాడు. డబ్బు పోవడం ఒక ఎత్తు. పద్దెనిమిదేళ్లుగా ఉన్న ఇద్దరి మధ్య "నువ్వు నిజం చెబుతున్నావా" అనే ప్రశ్న వచ్చి కూర్చోవడం ఇంకో ఎత్తు. ఆ ఖాతా మార్పు నిజమేనా అని ఒక్క ఫోన్ చేసి ఉంటే రెండూ నిలిచేవి.

అందుకని చెబుతున్నాను. మనిషిని నమ్మండి, ఫైలును పరీక్షించండి. బ్యాంకు ఖాతా మారిందని ఎవరు రాసినా, రాసింది సొంత తమ్ముడే అయినా, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని, అప్పుడు డబ్బు వేయండి. ఆ ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు మాత్రం చేయొద్దు. దాన్ని ఎత్తేది కూడా వాడే. ఇట్లా ఫోన్ చేయడం అవమానించడం కాదని మన వ్యాపారాల్లో ఒక ఆనవాయితీగా పెట్టుకోవాలి. "మా ఇంట్లో ఇది నియమం అన్నా" అంటే ఎవరూ తప్పు పట్టరు.

దొంగ వచ్చే దారులు

మొదటి దారి జోడించిన ఫైలు. విండోస్‌లో మామూలుగా ఫైలు పేరు చివరి తోక కనపడదు. "బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అని ఉన్నది మీకు "బిల్లు డాట్ పీడీఎఫ్" అని మాత్రమే కనపడుతుంది. పీడీఎఫ్ అంటే చదివే కాగితం. ఈఎక్స్ఈ అంటే నడిచే ప్రోగ్రామ్. ఇవాళ ఇంటికి వెళ్లగానే ఒక పని చేయండి. ఫైళ్లు చూసే కిటికీలో 'వ్యూ' నొక్కి, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్న దగ్గర టిక్కు పెట్టండి. కొత్త విండోస్‌లో అయితే అది 'వ్యూ'లో 'షో' కింద ఉంటుంది. అప్పుడు తోకలన్నీ బయటపడతాయి. అట్లాగే వర్డ్, ఎక్సెల్ ఫైలు తెరిచినప్పుడు పైన పసుపు పట్టీలో 'ఎనేబుల్ కంటెంట్' అని వస్తే నొక్కొద్దు. మామూలు బిల్లు చదవడానికి ఆ బటన్‌తో పనిలేదు.

రెండో దారి దొంగ సాఫ్ట్‌వేర్. ఇది మన ఇళ్లలో చాలా ఎక్కువ. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఖరీదు ఎక్కువని ఎవరో 'క్రాక్' వేసి ఇస్తారు. దాన్ని ఎక్కించే ముందు "యాంటీవైరస్ ఆపేయండి" అని కూడా చెబుతారు. ఇంటికి కాపలా ఉన్నవాణ్ని బయటికి పంపి దొంగకు తలుపు తీసినట్టే కదా! 'స్టాప్' అనీ, 'డీజేవీయూ' అనీ పిలిచే రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఈ క్రాక్‌ల నుంచే ఇళ్లలోకి వచ్చింది. అది ఫైళ్లకు తాళం వేసి 980 డాలర్లు అడిగేది. 72 గంటల్లో మాట్లాడితే సగానికి, 490 డాలర్లకు ఇస్తానని బేరం కూడా పెట్టేది. వాడు మనకంటే మంచి వ్యాపారి!

మూడో దారి పెన్‌డ్రైవ్. డిజైనర్ దగ్గర నుంచి మన ఇంటికి, ఇంటి నుంచి సాంచాల షెడ్డుకు, అక్కడి నుంచి ఎలక్ట్రానిక్ జకార్డ్‌కు, రోజంతా ఒకే పెన్‌డ్రైవ్ తిరుగుతుంది. పది ఇళ్లు తిరిగే నాడె లాంటిది అది. పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి కనిపిస్తే వాటిని నొక్కొద్దు. నొక్కితేనే వైరస్ నడుస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ దాని గుర్తు మీద కుడి బటన్ నొక్కి స్కాన్ చేసి, ఆ తర్వాతే తెరవండి. షెడ్డుకు తిరిగేదానిలో డిజైన్లు తప్ప ఆధార్ కాపీలు, ఫోటోలు పెట్టొద్దు.

నాలుగో దారి పాతబడిపోయిన విండోస్. దీనికి ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు. 2017 మే 12న 'వానాక్రై' అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. ఆ కన్నాన్ని మూసే మరమ్మతును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే పంపింది. అది వేసుకున్న యంత్రాల్లోకి ఆ కన్నం గుండా వానాక్రై పోలేకపోయింది. "తర్వాత వేద్దాంలే" అని మూలన పెట్టినవాళ్లు చిక్కుకున్నారు. మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తాం? అప్పుడే ఆపి అతుకుతాం. చూడనట్టు నేసుకుంటూ పోతే ఆ గీత బట్ట పొడుగునా పడుతుంది. అప్‌డేట్ అంటే తెగిన పోగు అతకడమే.

అయిదో దారి ఫోన్. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా ఎర్రగా వస్తుంది, గంట మోగుతుంది. అది బ్రౌజర్‌లో వచ్చిన ఒక పేజీ మాత్రమే, దాన్ని మూసేయండి. మూసుకోకపోతే కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టండి. ఫోన్ చేస్తే వాడు ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటిది ఎక్కించుకోమంటాడు. అవి మంచి పనిముట్లే. కానీ వాటి నంబరు చెప్పామంటే, మన మౌసు వాడి చేతికి పోయినట్టే. ఈ మధ్య ఇట్లాంటి ఫోన్లు తెలుగులో కూడా వస్తున్నాయి. పరాయి రాష్ట్రంలో ఉన్నాం కదా, తెలుగు వినపడగానే మనసు మెత్తబడుతుంది. భాష ఒకటే అయినంత మాత్రాన చుట్టం అయిపోడు.

తాళం పడిన ఇల్లు

ఇంకొక ఇంటి సంగతి. తండ్రీ కొడుకులు ఇద్దరూ డిజైన్లు గీస్తారు. పన్నెండేళ్ల పని ఒకే కంప్యూటర్‌లో ఉంది. కొడుకు జాగ్రత్తపరుడే. ఒక హార్డ్‌డిస్క్ కొని, ప్రతి రాత్రీ నకలు తీసేవాడు. కానీ సులువుగా ఉంటుందని ఆ డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. ఒక పొద్దున చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏవో నాలుగు అక్షరాలు. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చీటీ, ఇంత డబ్బు కట్టమని. హార్డ్‌డిస్క్‌లోని నకలుకు కూడా తాళమే. తగిలించి ఉన్నదాన్ని అది వదలదు కదా.

వాళ్లు నా దగ్గరికి తెచ్చినప్పుడు ఆ తండ్రి డబ్బు గురించి మాట్లాడలేదు. "మా నాయన కాగితం మీద గీసిన అంచులు కూడా ఇందులోనే ఎక్కించినం. ఆ కాగితాలు వానకు పోయినయి" అన్నాడు. చివరికి కొంత తిరిగి వచ్చింది. ఎట్లా అంటే, అట్టలు కొట్టే ఆయనకు ఎప్పుడో ఇచ్చిన పాత సీడీలు ఆయన అలమరలో దొరికాయి. వాటి నుంచి మూడొంతుల్లో ఒక వంతు డిజైన్లు దక్కాయి. తాత గీసిన అంచుల్లో రెండు దొరికాయి, మిగతావి దొరకలేదు.

ఆ సీడీలు ఎందుకు మిగిలాయి? ఏ తీగకూ తగిలించి లేవు, వేరే ఇంట్లో ఉన్నాయి. నకలు అనేదానికి ఈ రెండు గుణాలూ ఉండాలి.

చేయాల్సిన పనులు

ఒకటి, మూడు నకళ్లు. కంప్యూటర్‌లో ఉన్నది ఒకటి. బయటి హార్డ్‌డిస్క్‌లో ఇంకొకటి. అది నకలు తీసేటప్పుడు మాత్రమే తగిలించి, అవగానే ఊడదీసి బీరువాలో పెట్టాలి. మూడోది ఇంకో చోట. అన్న ఇంట్లో పెట్టినా సరే, గూగుల్ డ్రైవ్ లాంటి దాంట్లో పెట్టినా సరే. వారానికి ఒక రోజు పెట్టుకోండి. టాలీ డేటా మరిచిపోవద్దు. మూడు నెలలకోసారి ఆ నకలులోని ఒక ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

రెండు, అప్‌డేట్లు. విండోస్ 7కు మరమ్మతులు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. విండోస్ 10కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. పేరు నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చారు, అంతే. మీ యంత్రం కొత్త విండోస్‌కు పనికివస్తే మార్చుకోండి. పనికిరాకపోతే ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. బ్యాంకు పనికి, ఉత్తరాలకు చాలు. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుందంటే ఆ యంత్రాన్ని అట్లాగే ఉంచండి, కానీ దానికి ఇంటర్నెట్ తీగ పీకేయండి. అది డిజైన్ మాత్రమే చేస్తుంది, బ్యాంకు పని చేయదు.

మూడు, యాంటీవైరస్. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ ఇంటి అవసరానికి సరిపోతుంది, ఆపకుండా ఉంచితే. డబ్బు పెట్టి కొనాలనుకుంటే అసలైనది కొనండి. ఒకే కంప్యూటర్‌లో రెండు పెట్టొద్దు, రెండూ కొట్లాడుకుని యంత్రం నెమ్మదిస్తుంది. కంప్యూటర్లలో దాగిన వైరస్‌లను తీయడానికి మన కేంద్ర ప్రభుత్వం 2017లో 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' మొదలుపెట్టింది. అక్కడ పనిముట్లు ఉచితం.

నాలుగు, పాస్‌వర్డ్‌లు. అన్నిటికంటే ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్. మిగతా ఖాతాలన్నిటి పాస్‌వర్డ్‌లు మార్చుకునే దారి ఈమెయిల్ గుండానే పోతుంది కాబట్టి, అది తాళంచెవుల గుత్తి. దాన్ని ఇంకెక్కడా వాడొద్దు. పొడుగ్గా ఉండాలి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా చాలు. సంఘం పేరు, కులదైవం పేరు, పెళ్లి సంవత్సరం వద్దు. ఫేస్‌బుక్‌లో చూసి ఎవరైనా చెప్పేస్తారు. దాంతో పాటు రెండంచెల తనిఖీ పెట్టుకోండి. అప్పుడు పాస్‌వర్డ్ పోయినా ఫోన్ మన చేతిలో ఉన్నంతసేపు లోపలికి రావడం కష్టం. ఆ ఫోన్‌కు వచ్చిన నంబరు ఎవరడిగినా చెప్పొద్దు.

అయిదు, ఇంట్లో రెండు ఖాతాలు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే అధికారం ఉన్న ఖాతా ఒకటి, రోజువారీ పనికి మామూలు ఖాతా ఇంకొకటి. పిల్లలు ఆటలు దింపుకునేది మామూలు దాంట్లోనే. ఏదైనా ఎక్కాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాం. వీలైతే బ్యాంకు, జీఎస్‌టీ పని చేసే కంప్యూటర్‌లో ఆటలే వద్దు.

ఆరు, వైఫై పెట్టె. కంపెనీవాడు బిగించినప్పుడు ఉన్న పాస్‌వర్డే చాలా ఇళ్లలో ఇంకా ఉంటుంది. వైఫై పాస్‌వర్డ్‌తో పాటు, ఆ పెట్టె అమరికల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ కూడా మార్చమని అడగండి. అది పది నిమిషాల పని.

తగిలిన తర్వాత

అంతా చేసినా ఒకసారి తగలొచ్చు. అప్పుడు కంగారుపడి ఫార్మాట్ కొట్టించొద్దు. ముందు ఇంటర్నెట్ తీగ పీకండి, వైఫై ఆపండి. తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లు, డిస్క్‌లు ఊడదీయండి. తెర మీద ఏముందో ఫోన్‌తో ఫోటో తీయండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను ఇంకో మంచి కంప్యూటర్ నుంచి మార్చండి. రాన్సమ్‌వేర్‌వాడికి డబ్బు కట్టొద్దు. కట్టినా తాళంచెవి ఇస్తాడనే భరోసా లేదు, కట్టే ఇల్లని గుర్తుపెట్టుకుంటాడు. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో 'నో మోర్ రాన్సమ్' అనే ఉచిత సేవ మొదలుపెట్టారు. కొన్ని రకాల తాళాలకు చెవులు అక్కడ దొరుకుతాయి. ఇవాళ దొరకకపోయినా, తాళం పడిన ఫైళ్లను పారేయకుండా ఒక డిస్క్‌లో దాచండి. తర్వాతెప్పుడైనా దొరకొచ్చు.

డబ్బు పోతే ఒక నంబరు గుర్తుంచుకోండి, 1930. దేశమంతా ఒకటే నంబరు. షోలాపూర్‌లోనైనా, సేలంలోనైనా, యానాంలోనైనా అదే. ఎంత తొందరగా చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకు పోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. బ్యాంకుకూ వెంటనే చెప్పండి. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా బయటివాడి వల్ల డబ్బు పోయినప్పుడు, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే ఖాతాదారు మీద భారం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017లో సూచనలిచ్చింది. ఆలస్యమైన కొద్దీ ఆ రక్షణ తగ్గిపోతుంది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మన మీదే పడుతుంది. అందుకే తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక్కడ ఇంకో మాట. మనవాళ్లు చాలామంది బయటికి చెప్పరు. నలుగురిలో నవ్వులపాలవుతామని, కొడుకు తిడతాడని, సంబంధం చూస్తున్న ఇంట్లో తెలుస్తుందని. దొంగకు కావాల్సింది ఆ మౌనమే. ఈ ఇంట్లో జరిగింది పక్కింటికి తెలియకపోతే రేపు పక్కింటికి అదే ఉత్తరం వస్తుంది. మోసపోయినవాళ్లను ఎగతాళి చేయొద్దని పెద్దలందరికీ చేతులెత్తి చెబుతున్నాను. వాళ్లు నోరు విప్పితేనే మిగతావాళ్లం బతుకుతాం.

సంఘాలు చేయగలిగింది

చివరగా సమాఖ్య పెద్దలకు ఒక మనవి. మనకు బ్యాంకు నోటీసు మరాఠీలోనో, కన్నడంలోనో, తమిళంలోనో వస్తుంది, కంప్యూటర్ హెచ్చరిక ఇంగ్లీషులో వస్తుంది. ఇంట్లో పెద్దలకు చదవడానికి వచ్చింది తెలుగు, కొందరికి అదీ మాట్లాడ్డమే వచ్చు. అర్థంకాని పెట్టె ముందుకు వస్తే, అది పోవడానికి 'ఓకే' నొక్కేస్తారు. ఆ సందులోనే దొంగ దూరుతున్నాడు. ప్రతి ఊరి సంఘంలో నెలకు ఒక సాయంత్రం పెట్టండి. కంప్యూటర్ చదివిన మన పిల్లలు ఇద్దరు కూర్చోవాలి. ఎవరికి ఏ ఉత్తరం మీద, ఏ ఫైలు మీద అనుమానం ఉన్నా తెచ్చి తెలుగులో అడగాలి. ఖర్చు రెండు టీలు.

ఇంకొకటి, మన సంఘాల దగ్గర సభ్యుల జాబితాలు, వధూవరుల వివరాలు, పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. వాటిని ఎక్సెల్ ఫైలుగా గ్రూపుల్లో తిప్పడం ఈ సంవత్సరం నుంచి ఆపేద్దాం. అమ్మాయి ఫోటో, ఇంటి చిరునామా ఎంతమంది ఫోన్లలో ఉన్నాయో ఇవాళ ఎవరూ చెప్పలేరు. జాబితా ఒకరి బాధ్యతలో, పాస్‌వర్డ్ వేసి ఉండాలి. అడిగినవాళ్లకు, అడిగినంతే ఇవ్వాలి.

ఇంటికి వెళ్లాక ఈ మూడు పనులూ ఇవాళే చేయండి. ఫైళ్ల తోకలు కనపడేట్టు పెట్టండి. ఈమెయిల్‌కు రెండంచెల తనిఖీ పెట్టండి. ఒక నకలు తీసి, డిస్క్ ఊడదీసి బీరువాలో పెట్టండి. చేతకాకపోతే ఇంట్లో పదో తరగతి చదివే పిల్లనో పిల్లవాణ్నో పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు వాళ్లకు అచ్చు అతకడం నేర్పండి, వాళ్లు మీకు ఇది నేర్పుతారు.

అడగాల్సినవి ఉంటే భోజనాల దగ్గర అడగండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. సెలవు.